బానెట్ ఎత్తకముందు

మొన్న సాయంత్రం నాంపల్లి స్టేషన్ ముందు ఆటోలో కూర్చుని సిగ్నల్ కోసం చూస్తున్నాను. పక్కన ఆగిన డీజిల్ బండి పచ్చలైటు పడగానే ముందుకు దూకింది. ఇంజన్ చప్పుడు మీద ఇంకో సన్నటి కూత లేచింది. వేగం పెరిగేకొద్దీ పెరిగి, డ్రైవరు కాలు తీయగానే కిందికి జారిపోయింది. వెనక నీలి పొగ, మాడిన నూనె వాసన. ఆటో అతను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం ఇంకా వినాలని తల బయట పెట్టాను. ఇంజన్‌కు గాలి తోసే టర్బో లోపల తిరిగే చక్రం అంచు దాని గోడకు రాసుకుంటోంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే ఆ బండి ఏ ఎత్తూ ఎక్కదు. ఆ సంగతి నాకు తెలియడానికి కారణం మల్లేశం సార్. ఆయన కిందటి వానాకాలంలో కాలం చేశారు. ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మల్లేశం సార్ రైల్వే డీజిల్ షెడ్డులో చాలా ఏళ్లు పనిచేసి, గడువుకు ముందే రిటైరై, నాంపల్లి స్టేషన్ వెనక సందులో వర్క్‌షాపు పెట్టుకున్నారు. పొడుగు మనిషి. సందు మొదట్లో టీ బండి దగ్గర నిలబడ్డా ఆయన గొంతు వినిపించేది. తనను తాను పొగుడుకోవడంలో ఏ మొహమాటమూ లేదు. "హైదరాబాద్‌ల టర్బో బీమారుకు డాక్టర్‌ను నేనొక్కన్నే. మిగిలినోళ్లంత కాంపౌండర్లు" అనేవారు. అందులో అబద్ధమూ పెద్దగా లేదు. టర్బో ఉన్న డీజిల్ బండ్లు అప్పుడప్పుడే ఊళ్లో ఎక్కువవుతున్నాయి. చాలామంది మెకానిక్‌లకు అది కొత్త. రైలింజన్ల టర్బోలతో సగం జీవితం గడిపిన ఆయనకు మాత్రం అది పాత చుట్టమే, కాకపోతే కాస్త పొట్టిది.

నేను ఆయన దగ్గర చేరేనాటికి డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను. మాది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. ఫోను మోగితే ఇంకెవరైనా ఎత్తుతారేమోనని గోడకేసి చూసే రకాన్ని నేను. ఆదివారం చర్చి అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య గంటలు గడిపేదాన్ని గాని, ధర ఎంతని అడగడానికి తమ్ముణ్ని ముందుకు తోసేదాన్ని. పగలు ఎవరికీ ఇవ్వలేని జవాబులన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. అక్కడ నేను మహా వక్తను. వర్క్‌షాపులో నా పని కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లు బండికి ఏమైందో చెబితే రాసుకోవడం. రాసుకోవడమే కదా అని ధైర్యం చేసి చేరాను.

మొదటిరోజే ఆ ధైర్యం చెదిరిపోయింది. ఉస్మాన్‌గంజ్ నుంచి ఒక పప్పుల వ్యాపారి వచ్చాడు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు బుస్సుమంటోందట, లాగడం లేదట. ఇంకో చోట చూపిస్తే టర్బో పోయింది, మొత్తం మార్చాలన్నారట. నేను రాసుకుని కాగితం ఇచ్చాను. మల్లేశం సార్ అది చదివి చప్పట్లు కొట్టారు. పనివాళ్లందరూ చేతిలో పని వదిలి బండి చుట్టూ చేరారు. బానెట్ మూసే ఉంది. ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు.

"ఏందమ్మా గాడనే నిలవడ్డవ్? ఇటు రా" అన్నారు సార్.

"నేనా సార్?"

"నువ్వే. గియ్యాల్టి సంది ఈ వర్క్‌షాపుల అందరికంటె చిన్నదానివి నువ్వే. ముందుగాల నువ్వే చెప్పాలె, బండికి ఏమైందో."

నా చెవులు వేడెక్కాయి. "నాకేం తెలియదు సార్" అన్నాను, నేలకు చెబుతున్నట్టుగా.

పెద్ద మిస్త్రీ ఖలీల్ భాయ్ జాలిపడ్డాడు. "జానే దో సార్. పాప ఏడుస్తదిప్పుడు."

"ఏడిస్తె ఏడుస్తది, కని చెప్పి ఏడ్వాలె. సూడు బిడ్డా, తెల్వదు అంటె ఈడ చెల్లదు. ఏం తెల్వదో గది చెప్పు."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అనేస్తే వదిలేస్తారని నోరు తెరిచాను. "ఎక్కేటప్పుడే చప్పుడు వస్తుందన్నారు. దిగేటప్పుడు ఎందుకు రాదో తెలియదు."

"ఔ! గట్ల అడుగు!" అని సార్ బానెట్ మీద చరిచిన చరుపుకు పప్పుల వ్యాపారి ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఒక్కొక్కరూ, వయసులో చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి, తమకు తోచింది చెప్పారు. ఆఖరున సార్. అప్పుడు గాని బానెట్ లేవలేదు. టర్బో నుంచి ఇంజన్‌కు గాలి మోసుకుపోయే రబ్బరు గొట్టాన్ని రెండు వైపులా బిగించి, లోపలికి కంప్రెసర్ గాలి వదిలి, పైన సబ్బునీళ్లు పూశారు. క్లిప్పు కింద, కంటికి కనబడని చినుగు నుంచి బుడగలు లేచాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మీద బరువు పడితే గాలి ఒత్తిడి పెరిగి ఆ చినుగు నోరు తెరుస్తోంది. దిగేటప్పుడు మూసుకుంటోంది. టర్బోకు ఏ జబ్బూ లేదు. గొట్టం మారిస్తే సరిపోయింది. వ్యాపారి వెళ్తూ నాకు కూడా నమస్కారం పెట్టాడు. నేను కౌంటరు వెనక ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయాను.

ఆ ఆచారం ఎక్కడిదని కొన్నాళ్లకు అడిగాను. షెడ్డులో కుర్రతనంలో జరిగిన సంగతి చెప్పారు. "ఒకపారి ఇంజన్ లాగుతలేదు. పెద్దసారొచ్చి పంపు ఖరాబైంది అన్నడు. అందరు ఔ సార్ అన్నరు. పంపంత విప్పిన్రు, ఏం దొరకలే. గాలి పైపు పగిలిందని నాకు మొదలే ఎరుకె. కని పెద్దసారు మాట పడ్డంక నాకు సుత పంపే కనవడ్డది. కండ్లు గట్ల మోసం చేస్తయ్ బిడ్డా. గందుకే పెద్దోడు ఆఖర్న మాట్లాడాలె." ఆయనంత గొంతున్న మనిషి, ఏ బండి వచ్చినా దూరం నుంచే రోగం పసిగట్టగల మనిషి, అందరి వంతు అయ్యేదాకా నోరు కుట్టుకుని నిలబడటం నేను రోజూ చూశాను. ఆ కాసేపు ఆయన ముఖం తుమ్ము ఆపుకుంటున్నవాడిలా ఉండేది.

నెమ్మదిగా పని కూడా నేర్పారు. ఒక పాత టర్బోను విప్పి నా బల్ల మీద పెట్టారు. నత్తగుల్లలాంటి రెండు ఇనుప గుల్లలు, మధ్యలో ఒక ఇరుసు, దాని రెండు కొసలకూ రెక్కల చక్రాలు. "బయటికి పోయే పొగ గీ చక్రాన్ని తిప్పుతది. గిది తిరిగితె అవతలి దిక్కుది తిరుగుతది. గది గాలిని గుంజి ఇంజన్‌లకు నూకుతది. గంతే కథ. కని ఎంత జోరు మీద తిరుగుతదో నీకు జెప్తె నమ్మవు. ఇనుము ఇనుముకు తాకితె ఒక్క గడియ సుత నిలవది. సన్నటి నూనె పొర మీద తేలుతది." ఇరుసును రెండు వేళ్లతో పట్టి పక్కలకు కదపమన్నారు. కాస్త కదిలింది. ముందుకీ వెనక్కీ లాగమన్నారు. అదీ కదిలింది. "పక్కలకు జర ఆడితె ఫికర్ లేదు. ముందుకు ఎనక్కు ఆడిందంటె దాని పని అయిపోయినట్టే. కండ్లు మూసుకోని ఇంకోపారి పట్టు. వేళ్లకు యాదుండాలె." నా వేళ్లకు ఇంకా గుర్తుంది.

ఇక దానియేలన్న సంగతి. నర్సాపూర్ దారిలో ఒక ఆడపిల్లల హాస్టలు ఉండేది. దానికి వార్డెన్ విమలమ్మ గారు, బండికి డ్రైవరు దానియేలన్న. ప్రతి ఆదివారం పాటల బృందంలోని పిల్లల్ని ఎక్కించుకుని ఆబిడ్స్‌లో మేము వెళ్లే చర్చికే వచ్చేవాళ్లు. ఆ బండి టర్బో పోతే మా దగ్గరే కొత్తది వేశారు. కొన్ని నెలలైనా కాకుండానే అది మళ్లీ కూత పెడుతూ, నీలి పొగ కక్కుతూ వచ్చింది. ఈసారి విమలమ్మ గారు కూడా ముందు సీట్లో కూర్చుని వచ్చారు. తెల్లచీర, నల్ల గొడుగు. మా చర్చిలో ఆవిడ నడిచొస్తుంటే పెద్దవాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

"మల్లేశం గారూ, వస్తువు మంచిదేనని మీరు చెప్పారు, నేను నమ్మాను. ఇప్పుడు నా అనుమానం అంతా ఇతని మీదే" అన్నారు దానియేలన్న వైపు గొడుగు చూపిస్తూ. "నూనె మార్పించుకు రమ్మని పంపిస్తే ఎక్కడో నాసిరకం పోయించి, మిగిలింది జేబులో వేసుకున్నాడు. మీరు ఆ మాట ఒక్కటి చెప్పండి. రేపటినుంచి వేరే డ్రైవర్ని పెట్టుకుంటాను."

దానియేలన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను గట్ల చెయ్యలే మేడమ్" అని ఒక్కసారే అన్నాడు. ఆయనకు హాస్టలు ఆవరణలోనే ఒక గది ఇచ్చారు. భార్య అక్కడే వంట చేస్తుంది. పని పోతే గది కూడా పోతుంది. దొంగ అన్న పేరుతో పోతే ఇంకెక్కడా స్టీరింగ్ పట్టనివ్వరు.

"చెప్తనమ్మా" అన్నారు సార్. "కని మా దగ్గరొక రివాజున్నది. కరుణా, రా బిడ్డా."

ఈసారి నాకు ఒక సంగతి తెలుసు. వర్క్‌షాపులో ఇంకెవరికీ తెలియదు. ప్రతి ఆదివారం వాళ్లు ఆలస్యంగానే వచ్చేవారు. అప్పటికే మొదటి కీర్తన మొదలై ఉండేది. పొద్దున ఖాళీ రోడ్ల మీద తరుముకుంటూ వచ్చిన దానియేలన్న, చర్చి గేటు దగ్గరే ఇంజన్ ఆపేసి, వాలు మీద బండిని నిశ్శబ్దంగా లోపలికి జారనిచ్చేవాడు. నా చోటు కిటికీ పక్కనే కాబట్టి ఎన్నోసార్లు చూశాను. సార్ దగ్గర చేరాక అది చూసినప్పుడల్లా మనసులో ఏదో గుచ్చుకునేది. అంత జోరు మీద తిరిగే చక్రం, ఎర్రగా కాలే గుల్ల, ఉన్నట్టుండి ఇంజన్ ఆగితే నూనె రావడం కూడా ఆగిపోతుంది. లోపల మిగిలిన నూనె ఏమవుతుంది? ఆ ప్రశ్న డైరీలో రాసుకున్నాను గాని ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు చెబితే దానియేలన్న చెయ్యే బండిని పాడుచేసిందని నేను సాక్ష్యం చెప్పినట్టు. చెప్పకపోతే ఆయన దొంగగా వెళ్లిపోతాడు. విమలమ్మ గారు నావైపు చూశారు. చర్చిలో కిటికీ పక్కన తల దించుకు కూర్చునే పిల్లను ఆవిడ గుర్తుపట్టినట్టే ఉంది. నోరు ఎండిపోయింది.

"నాకు తెలియనిది ఒకటుంది సార్" అన్నాను.

"చెప్పు."

"దానియేలన్న చర్చి గేటు దగ్గరే ఇంజన్ ఎందుకు ఆపేస్తాడో తెలియదు."

దానియేలన్న ఆశ్చర్యంగా నన్ను చూశాడు. "లోపట పాట వాడ్తుంటరు గద కరుణమ్మా. దేవుని సన్నిధిల లొడలొడ ఎట్ల పోవాలె?"

"అందులో తప్పేముంది?" అన్నారు విమలమ్మ గారు. "ఆ మర్యాద చూసి నేనే మెచ్చుకున్నాను. మిగతా బండ్లవాళ్లకు కూడా ఇతన్ని చూసి నేర్చుకోమని చెప్పాను."

మల్లేశం సార్ ముఖంలో తుమ్ము ఆపుకునే ఆ కళ కనబడింది. మిగతావాళ్లందరి వంతూ అయ్యాక ముందు నూనె సంగతి చూశారు. కొలిచే కడ్డీ తీసి, ఒక చుక్క అద్దుడు కాగితం మీద పెట్టారు. చుక్క గుండ్రంగా, సమానంగా పరుచుకుంది. వేళ్ల మధ్య రాసి చూశారు, వాసన చూశారు, ఖలీల్ భాయ్‌కీ చూపించారు. "నూనె మంచిదేనమ్మా. ఎవ్వలు ఏం తినలే" అన్నారు. తర్వాత టర్బోకు నూనె తెచ్చే సన్నటి పైపును విప్పించారు. దాన్ని బిగించే బోల్టులో నూనె పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. ఆ బోల్టును దీపం ముందు పట్టారు. వెలుగు రాలేదు. తీగతో పొడిస్తే మాడిన పప్పు గిన్నె అడుగులా నల్లటి పెచ్చులు రాలాయి.

"ఇగో, గిది. పరుగెత్తుకొచ్చిన ఇంజన్‌ను వచ్చీరాంగనే ఆపితె లోపటి నూనె మాడి బొగ్గయితది. మొదటిది గట్ల పోయింది. గది తప్పంటె తప్పే, కని దానియేలుకు ఎవ్వరన్న చెప్పిన్రా? చెప్పలే. చెప్పాల్సినోన్ని నేను." ఆయన గొంతు తగ్గలేదు. సందులో పోయేవాళ్లు కూడా ఆగి వింటున్నారు. "రెండోది పోయింది మాత్రం ఉత్తగ మా చేతుల. కొత్త టర్బో పెట్టి, పాత పైపే బిగించినం. బొగ్గు పట్టిన పైపుల నూనె ఎట్ల పోతది? గొంతు ఎండి సచ్చింది."

"నేను గాలి కొట్టి కడిగిన సార్" అన్నాడు ఖలీల్ భాయ్ చిన్నబోయి. "సాఫ్ అయిందనుకున్న."

"నువ్వు కడిగినవ్, నేను సూడలే. బోర్డు మీద నా పేరున్నది, నీది లేదు. అమ్మా, ఈ మరమ్మతు ఖర్చు మాది. పైపు సుత కొత్తదేస్తం. దానియేలు మీది మాట మాత్రం మీరు ఎనక్కు తీసుకోవాలె."

అంత ధైర్యంగా తప్పు ఒప్పుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తలవంచుకుని కాదు, తన పనితనం గురించి చెప్పుకునే గొంతుతోనే చెప్పారు. విమలమ్మ గారు గొడుగు ఒక చేతిలోనుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. దానియేలన్నను చూసి, "సరే, నేను తొందరపడ్డాను" అన్నారు. ఆ వెంటనే, "ఆదివారానికి బండి తయారవుతుందా?" అని అడిగారు.

"అయితది. సూడు దానియేలూ, బండి ఆగినంక ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను ఊకనే ఆడనియ్యాలె. చక్రం నెమ్మదించాలె, నూనె పారుకుంట వేడిని గుంజుకపోవాలె. ఇంకొకటి, ఇంజన్ బంద్ చేసి జారుడేంది? బ్రేకు బిగుసుకుంటది, లోపట పిల్లలున్నరు."

"పాట నడుస్తుంటె సుత ఆడనియ్యాల్నా సార్?"

"దేవుడు డీజిల్ ఇంజన్ సప్పుడు ఎన్నడు ఇనలేదనుకుంటున్నవా?"

విమలమ్మ గారికి కూడా నవ్వొచ్చింది, గొడుగు చాటున. వాళ్లు వెళ్లాక సార్ నన్ను మెచ్చుకోలేదు. "రేపటి సంది ఫోను నువ్వే ఎత్తాలె" అన్నారు. అంతే.

ఆ ఆదివారం చర్చిలో మొదటి కీర్తన రెండో చరణంలో ఉండగా బండి వచ్చింది. గేటు దాటి లోపలికొచ్చి ఆగింది. ఇంజన్ ఆగలేదు. కిటికీల్లోంచి లొడలొడా చప్పుడు పాట మధ్యకు వచ్చి కూర్చుంది. వెనక వరుసలవాళ్లు తలలు తిప్పి చూశారు. విమలమ్మ గారు, పిల్లలు దిగి లోపలికి వచ్చేశారు. దానియేలన్న మాత్రం స్టీరింగ్ పట్టుకుని, కళ్లు ఎదురుగా నిలిపి, అందరి ముందూ ఏదో దొంగిలిస్తున్నవాడిలా చెమటలు కారుస్తూ కూర్చున్నాడు. ఆయన చెయ్యి తాళంచెవి మీదికి పోయి వెనక్కు రావడం నాకు కనబడుతోంది. సంఘ పెద్ద ఒకాయన విసుగ్గా లేచి తలుపు వైపు నడిచారు. ఆయన వెళ్లి ఒక్క మాట అంటే దానియేలన్న ఇంజన్ ఆపేస్తాడు. మళ్లీ అదే కథ మొదలవుతుంది. ఈసారి దానియేలన్న మాట ఎవరూ వినరు.

నేను లేచాను. కీర్తన పుస్తకం చేతిలో ఉండగానే వరుసలోంచి బయటికి వచ్చి, గుమ్మం దగ్గర ఆ పెద్దాయన్ను అందుకున్నాను.

"అంకుల్, ఆపమనకండి. దాన్ని ఇంకొంచెంసేపు ఆడనివ్వాలి."

"పాట జరుగుతుంటేనా? ఎవరమ్మా నువ్వు?"

"కరుణను. ఆ బండి బాగుచేసిన వర్క్‌షాపులో పనిచేస్తాను. ఇప్పుడే ఆపితే లోపల నూనె మాడిపోతుంది. ఆయన కావాలని చేయడం లేదు, మేమే అలా చేయమన్నాం."

సరిగ్గా అప్పుడే చరణం ముగిసినట్టుంది. నా మాటలు చర్చి అంతా వినిపించాయి. పాస్టరు గారితో సహా అందరూ ఇటే చూశారు. పెద్దాయన నన్నూ, బండినీ మార్చి మార్చి చూసి, అక్కడే నిలబడిపోయారు. ముందు వరుసలో విమలమ్మ గారు వెనక్కి తిరగకుండానే తరువాతి చరణం గట్టిగా ఎత్తుకున్నారు. పిల్లలు అందుకున్నారు. ఆ చరణం సగంలో ఇంజన్ తనంతట తను నెమ్మదించినట్టు ఆగింది. దానియేలన్న చెప్పులు విప్పి, భుజం మీది రుమాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చాడు. నా పక్కనుంచి పోతూ తల కాస్త ఎత్తి నడిచాడు.

మల్లేశం సార్‌కు ఆ సంగతి నేను చెప్పనేలేదు. దానియేలన్నే వెళ్లి చెప్పాడట. ఆయన సందంతా వినబడేలా నవ్వారని ఖలీల్ భాయ్ చెప్పాడు. నా సిగ్గు ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ నలుగురిలో నిలబడితే నోరు ఎండుతుంది. ఇప్పటికీ డైరీలోనే ఎక్కువ మాట్లాడతాను. సార్ కూడా నా సిగ్గు మాన్పించాలని ఎప్పుడూ చూడలేదు. నా సిగ్గు నాది, ఉంటే ఉంటుంది. దానివల్ల ఇంకొకరు పని పోగొట్టుకోకూడదు, దొంగ అనిపించుకోకూడదు. ఆ ఒక్కటి తెలిశాక, ఎండిన నోటితోనే లేచి నిలబడటం నాకు చేతనైంది.